తిరుపతి చుట్టుపక్కల పిల్లలు, పెద్దవాళ్ళతో ఒక్కరోజు కొండ నడకలు: ఏ దారి, ఏ వేళ, ఏం పట్టుకెళ్ళాలి

పాకాల_ప్యాసింజర్
డిసెంబర్ రెండో వారంలో రెండు రోజులు తిరుపతిలో ఉంటాం. ఆరేళ్ళ పాప, పదకొండేళ్ళ బాబు, మేమిద్దరం, మా అమ్మ. అమ్మకు 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. కారుంది. ఒకరోజు తిరుమలకు నడిచి ఎక్కాలని, ఇంకోరోజు ఏదైనా కోనకు పోవాలని అనుకుంటున్నాం. నడక అలిపిరి నుంచా, శ్రీవారి మెట్టు నుంచా? కోనల్లో నాగలాపురం వీడియోలు చూసి బాబు అదే కావాలంటున్నాడు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

శేషాచలం_బాట
ముందు నడక సంగతి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. అంకెలు చూసి శ్రీవారి మెట్టు సులువనుకుంటారు. దూరం తక్కువ కాబట్టి మెట్లు దగ్గర దగ్గరగా, నిటారుగా ఉంటాయి. ఊపిరి తీసుకోవడానికి చదునైన చోట్లు తక్కువ.

అలిపిరిలో కష్టం రెండు చోట్ల. మెట్లు మొదలయ్యే పాదాల మండపం నుంచి గాలిగోపురం దాకా దాదాపు రెండు వేల మెట్లు ఒకే దమ్మున వస్తాయి. చివర్లో మోకాళ్ళ పర్వతం. మధ్యలో చాలా భాగం చదును, అక్కడక్కడా నాలుగైదు మెట్లు, అంతే. దారి పొడవునా పైకప్పు, తాగునీళ్ళు, మరుగుదొడ్లు, అంగళ్ళు ఉన్నాయి.

ఆరేళ్ళ పాపకు మెట్ల కంటే గంటలు ముఖ్యం. పెద్దవాళ్ళు మామూలు నడకతో అలిపిరి దారిని మూడున్నర నాలుగు గంటల్లో ముగిస్తారు. పిల్లలతో ఐదారు గంటలు వేసుకోండి. శ్రీవారి మెట్టు పెద్దవాళ్ళకు గంటన్నర, రెండు గంటలు, పిల్లలతో మూడు గంటలు. ఆ వయసు పిల్లలు మూడో గంట దాటాక ఎత్తుకోమంటారు. మెట్ల మీద 18, 20 కిలోల బిడ్డను ఎత్తుకోవడం తండ్రి మోకాళ్ళకూ మంచిది కాదు, కాలు జారితే ఇద్దరికీ ప్రమాదం. అందుకే మీకు శ్రీవారి మెట్టే చెబుతాను. పొద్దున 6కు తెరుస్తారు, సాయంత్రం 6 దాకా. తెరిచే వేళకు అక్కడుంటే 9, 9:30కి కొండమీద ఉంటారు.

అమ్మగారిని మాత్రం మెట్లు ఎక్కించకండి. బస్సులో పైకి పంపించండి.

గాలిగోపురం
పైన చెప్పినదాంట్లో ఒక్కదానికి ఒప్పుకోను. శ్రీవారి మెట్టులో బిడ్డ అలసిపోతే వెనక్కి దిగడం కూడా అంతే నిటారు. అలిపిరిలో గాలిగోపురం దాకా ఎక్కాక పిల్లలు హుషారుగా నడుస్తారు, జింకల పార్కు కనబడితే అలుపే మరిచిపోతారు. పదేళ్ళు దాటిన పిల్లలకు అలిపిరే బాగుంటుంది. ఆరేళ్ళ పాప ఉంది కాబట్టి ఈసారికి శ్రీవారి మెట్టు సరే.

అలిపిరి ఎంచుకునేవాళ్ళు వేళ విషయంలో గట్టిగా ఉండాలి. 2023 జూన్‌లో ఏడో మైలు దగ్గర ఒక చిన్న బాబు మీద చిరుత దాడి చేసింది, ప్రాణం దక్కింది. అదే ఏడాది ఆగస్టులో లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర ఆరేళ్ళ పాప చనిపోయింది. ఆ తర్వాతనే పిల్లలను మధ్యాహ్నం 2 దాటాక ఆ దారిలో పంపకూడదని నియమం పెట్టారు, మొదట 15 ఏళ్ళలోపు అన్నారు, తర్వాత 12 ఏళ్ళలోపుకు మార్చారు. రాత్రివేళ దారి మూసేస్తారు. ఈ వేళలు అప్పుడప్పుడు మారుస్తుంటారు, ముందురోజు దేవస్థానం ప్రకటన చూసుకోండి. నా లెక్క ఇంకా కఠినం: పిల్లలుంటే తెల్లవారాక మొదలుపెట్టాలి, మధ్యాహ్నం 12లోపు మోకాళ్ళ పర్వతం దాటాలి. చిరుత తెల్లవారుజామున, పొద్దుగూకే వేళలో ఎక్కువ తిరుగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి చల్లగా ఉంటుందని పిల్లలతో బయల్దేరడం సరైన ఆలోచన కాదు.

నడిచే వరుస: ముందు ఒక పెద్ద, మధ్యలో పిల్లలు, వెనక ఇంకో పెద్ద. పిల్లలను పది మెట్లు కూడా ముందుకు పరిగెత్తనివ్వద్దు. వంగి కూర్చున్న బిడ్డ, ఒంటరిగా పరిగెత్తే బిడ్డ చిరుత కంటికి చిన్న జంతువు మాదిరే కనబడుతుంది. జింకలకు పండ్లు, కూరగాయలు పెట్టకండి. తిండి కోసం జింకలూ కుక్కలూ దారి పక్కకు చేరితే వాటి వెనకే చిరుతా వస్తుంది.

కపిలతీర్థం_వీధి
ఎవరూ చెప్పని ఒక్క విషయం, చెప్పులు. చాలామంది వట్టికాళ్ళతో ఎక్కుతారు, అది వాళ్ళ మొక్కు. పిల్లలకు మొక్కు లేకపోతే షూ వేయించుకుని వెళ్ళి, పైకి చేరాక వదలొచ్చు. షూ లేకుండా వట్టి మేజోళ్ళతో మాత్రం ఎక్కించకండి, నునుపు రాయి మీద జారుతాయి.

వట్టికాళ్ళతో ఎక్కేవాళ్ళు మెట్ల పూజ సంగతి గుర్తుపెట్టుకోవాలి. భక్తులు మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తారు. కర్పూరం మెట్టు మధ్యలో కాకుండా అంచున, సరిగ్గా కాలు వేసే చోట పెడతారు. మంట ఆరినా ఆ చోట నల్లటి మచ్చ కొద్దిసేపు చురుక్కుమనేంత వేడిగా ఉంటుంది. పెద్దవాళ్ళు చూసి తప్పుకుంటారు, పిల్లల చూపు పైకే ఉంటుంది. పూజ చేసేవాళ్ళు మెట్టుకు ఒక పక్కగా పోతుంటారు కాబట్టి మీరు రెండో పక్క పట్టుకోండి. వాన చినుకు పడిందంటే ఆ పసుపు మెట్టు మీద నూనె పోసినట్టవుతుంది. అప్పుడు పక్కనున్న గొట్టం పట్టుకునే నడవాలి.

పాకాల_ప్యాసింజర్
చాలా సంతోషం. శ్రీవారి మెట్టే ఖాయం చేసుకుంటున్నాం. కారు కింద పెట్టి ఎక్కి, బస్సులో దిగొచ్చు కదా?

శేషాచలం_బాట
అక్కడే చాలామంది ఇరుక్కుంటారు. శ్రీవారి మెట్టు మొదలయ్యేది శ్రీనివాస మంగాపురం వైపు, తిరుపతి నుంచి 15 కిలోమీటర్ల పైనే. కొండమీద నుంచి వచ్చే బస్సు మిమ్మల్ని అలిపిరిలోనో తిరుపతి బస్టాండులోనో దింపుతుంది. కారు మాత్రం మంగాపురం అవతల ఉండిపోతుంది. అలసిన పిల్లలతో మళ్ళీ ఆటో వెతుక్కోవాలి.

మీ ఇంట్లో ఇద్దరూ కారు నడుపుతారనుకుంటే, ఒకరు పిల్లలను తీసుకుని ఎక్కండి, ఇంకొకరు అమ్మగారిని కారులో ఘాట్ రోడ్డు మీదుగా పైకి తీసుకురండి. ఒక్కరే నడిపితే కారు తిరుపతిలోనే ఉంచి పొద్దున్నే బస్సులోనో ఆటోలోనో శ్రీవారి మెట్టుకు చేరండి. అలిపిరి ఎంచుకున్నవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు, దిగేది అక్కడికే.

బట్టల సంచులు మోయొద్దు. రెండు దారుల్లోనూ కిందనే సామాను తీసుకుని ఉచితంగా పైకి చేరుస్తారు. రసీదు జాగ్రత్త. మందులు, నీళ్ళు, పిల్లల ఒక జత బట్టలు మాత్రం చేతి సంచిలో ఉంచుకోండి, సామాను మీకంటే ఆలస్యంగా రావచ్చు. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కొండమీద నిషేధం, స్టీలువి తెచ్చుకోండి.

మందులపెట్టె
పిల్లలతో మెట్లెక్కడంలో వాంతులు, కళ్ళు తిరగడం ఎక్కువగా రెండు కారణాలతో వస్తాయి: ఖాళీ కడుపు, ఒకేసారి గటగటా తాగిన నీళ్ళు. బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో పెట్టండి. పూరీ, వడ వద్దు. నీళ్ళు ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు నాలుగైదు గుక్కలు. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీళ్ళని రాస్తే అంతే కలపాలి. పెద్ద ప్యాకెట్ లీటరుకు. అరలీటరు సీసాలో మొత్తం పొడి పోస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు మేలు బదులు కీడే. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ స్పూను అంచుకు సమంగా గీసి వేయాలి. ఓఆర్‌ఎస్ అని పేరు పోలిన తీపి పానీయాల డబ్బాలు వేరు, ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందా చూసి కొనండి.

గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు నడక దారి ఎంచుకునే ముందు డాక్టరును అడగాలి. ఎక్కేటప్పుడు ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, మామూలుకు మించిన చెమట ఉంటే అక్కడే కూర్చోబెట్టి దగ్గరున్న సిబ్బందిని పిలవాలి. ఇంకో వంద మెట్లే కదా అని లేపొద్దు.

కోనల_దావ
ఇంగ కోనల మాట. నాగలాపురం వద్దన్నా, పిల్లోళ్ళతో అసలుకే వద్దు. అక్కడ దావ అంటూ ఉండదు. వంకలోనే రాళ్ళ మీద దూకుతా పోవల్ల, గుండాల్లో ఈదల్ల. ఆ గుండాలు పైకి అద్దం మాదిరి తేటగా ఉంటాయి, లోతు తెలీదు. ఈత వచ్చినోళ్ళే శానామంది పోయినారు. అటవీశాఖ వాళ్ళు ఆపేది అందుకే. బాబుకు నచ్చజెప్పండి.

మీకు రెండే చోట్లు. తలకోన, కైలాసకోన.

తలకోన తిరుపతికి సుమారు 55, 60 కిలోమీటర్లు. చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట మీదుగా నేరబైలు దాటి పోవల్ల. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉండాది. జలపాతం 270 అడుగులు. సిద్ధేశ్వరస్వామి గుడి దాకా బండి పోతాది, ఆడ్నించి నడక. రాతి మెట్లు, చెట్ల నీడ, మధ్యలో వేర్లు పైకి తేలి ఉంటాయి, వాటికి తట్టుకుని పడేవాళ్ళే ఎక్కువ. ఆరేళ్ళ బిడ్డ నడవగలదు. పైకొన దాకా పోయే అడవి దారి వేరే, దానికి అటవీశాఖ గైడు లేకుండా పోకూడదు. చెట్ల మీద కట్టిన తాళ్ళ వంతెన సుమారు 240 మీటర్లు ఉంటాది, అది తెరిచి ఉందా లేదా గేటు దగ్గరే అడగండి. మీ బాబుకు ఆ వంతెన చూపిస్తే నాగలాపురం మాటెత్తడు.

భాకరాపేట ఘాట్‌లో మలుపులు ఎక్కువ. కారులో వాంతులు చేసుకునే పిల్లలుంటే ఆ మలుపులకు అరగంట ముందు పాలు పట్టొద్దు. పెట్రోలు తిరుపతిలోనే నింపుకోండి. లోపల ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, మ్యాపు ముందే దించుకోండి. మధ్యాహ్నం 3 కల్లా తిరుగుదావ పట్టండి, చీకట్లో ఆ ఘాట్ దిగేది మంచిది కాదు.

కోనల_దావ
నీళ్ళ సంగతి మరిచిపోయినా. మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలవి. డిసెంబరులో జలపాతం నిండుగా ఉంటాది, ప్రమాదమూ అప్పుడే. శేషాచలం కొండలు గట్టి క్వార్ట్‌జైట్ రాయి. పైన మట్టి పలుచన, నీళ్ళు ఇంకవు, పైన కురిసిందంతా గంటలో కిందికొచ్చేస్తాది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి, మళ్ళీ తెరిచింది 2022 మేలో. కింద ఎండ కాస్తా ఉన్నా పైన వాన పడి ఉండొచ్చు.

వంక దగ్గర కూర్చున్నప్పుడు నీళ్ళంచున సరిగ్గా తడి, పొడి కలిసే చోట ఒక రాయి పెట్టండి. పది నిమిషాలకొకసారి దాన్ని చూడండి. రాయి మునగడం మొదలైతే సంచులు సర్దుకోవద్దు, పిల్లలను పట్టుకుని గట్టెక్కండి. తేట నీళ్ళు ఒక్కసారిగా ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, నీళ్ళ సద్దు మారినా అదే పని. వంక అవతలి గట్టున ఎప్పుడూ బస పెట్టొద్దు, నీళ్ళు పెరిగితే ఇవతలికి రాలేరు. వాయుగుండం హెచ్చరిక ఉంటే ఆ వారం కోనలే వద్దు.

నారాయణవనం_నుంచి
మీ అమ్మగారి కోసమైతే కైలాసకోన చూడండి. పుత్తూరు దాటి నారాయణవనం దగ్గర, తిరుపతికి 40 కిలోమీటర్ల పైచిలుకు. బండి దిగాక నడక కొద్దిగానే. కొన్ని మెట్లు ఎక్కితే గుహలో శివాలయం, దాని పక్కనే జలపాతం. ఏడాది పొడవునా నీళ్ళు పడతాయి. మెట్లు తడిగా ఉంటాయి కాబట్టి అమ్మగారికి రబ్బరు అడుగు చెప్పులు, ఒక చేతికర్ర. శని, ఆదివారాల్లో చెన్నై వైపు నుంచి జనం విపరీతం, వీలైతే మామూలు రోజున, అదీ 9లోపు చేరండి. జలపాతం సరిగ్గా కింద నిలబడొద్దు, నీళ్ళతో పాటు చిన్న రాళ్ళు కూడా పడతాయి.

కోతులు రెండు కోనల్లోనూ ఉన్నాయి. వాటి దృష్టిలో చేతిలో కవరు ఉందంటే తిండే. సంచి జిప్పు వేసి వీపుకు తగిలించుకోండి, పిల్లల చేతికి ప్యాకెట్లు ఇవ్వొద్దు. కోతి లాక్కుంటే వదిలేయాలి, పెనుగులాడితే కరుస్తుంది, గీరుతుంది. గీరినా సరే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు పారే నీళ్ళలో కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్ళాలి.

మామిడితోట_చిత్తూరు
తలకోన నుంచి త్వరగా తిరిగితే చంద్రగిరి కోట దారిలోనే. రాజమహల్, రాణీమహల్ చుట్టూ పచ్చిక, పిల్లలు పరిగెత్తుకోవచ్చు, అమ్మగారు నీడన కూర్చోవచ్చు. రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. మ్యూజియం శుక్రవారం సెలవు.

చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకు పెనుమూరు దగ్గర పులిగుండు ఉంది. జంట గుండ్లు, ఎక్కడానికి మెట్లున్నాయి. నీడ లేదు, పొద్దెక్కేలోపు దిగిపోవాలి. కైగల్ జలపాతం అందంగా ఉంటుంది, అయితే అది కౌండిన్య అభయారణ్యం పరిసరం, ఏనుగులు తిరిగే చోటు. పిల్లలతో అయితే స్థానికులను అడగకుండా పోవద్దు, సాయంత్రం నాలుగు తర్వాత అసలే వద్దు. హార్సిలీ హిల్స్ 4,000 అడుగులకు పైన, రోడ్డు పైదాకా ఉంది, గాలిబండల దగ్గర పిల్లల చేయి వదలకుండా ఉంటే చాలు. తిరుపతి నుంచి రానూ పోనూ దూరం ఎక్కువ, మీ రెండు రోజుల్లో ఇరికించకండి.

పాకాల_ప్యాసింజర్
మొదటి రోజు శ్రీవారి మెట్టు, రెండో రోజు తలకోనో కైలాసకోనో. కొండమీద అమ్మ కూడా నడవగలిగే చోట్లు ఏమున్నాయి? తుంబురు తీర్థం గురించి కూడా విన్నాం.

గాలిగోపురం
తుంబురు తీర్థం ముక్కోటి ఫాల్గుణ పౌర్ణమికి, డిసెంబరులో కాదు. అదీ అడవిలో రాళ్ళదారి, ముసలివాళ్ళను, పిల్లలను రావద్దనే దేవస్థానం చెబుతుంది. మామూలు రోజుల్లో అనుమతి లేకుండా అడవిలోకి అడుగు పెడితే కేసు. ఎర్రచందనం అడవి కాబట్టి నిఘా ఎక్కువ, దారి తప్పామంటే ఎవరూ నమ్మరు.

అమ్మగారికి శిలాతోరణం. గుడికి కిలోమీటరు దూరమే. ప్రకృతి చెక్కిన రాతి తోరణం, సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. కంచె బయట నుంచే చూడాలి. పక్కనే తోట, బెంచీలు. పిల్లలకు జాపాలి తీర్థం చెబుతాను: పాపవినాశనం రోడ్డు మీద దిగి, చెట్ల నీడలో కిలోమీటరు దాకా మెట్ల దారి, చివర్లో ఆంజనేయస్వామి గుడి. శేషాచలం అడవి లోపలికి క్షేమంగా నడిపించే దారి పిల్లలకు ఇంతకంటే మంచిది లేదు. వెళ్ళేటప్పుడు దిగిన మెట్లు వచ్చేటప్పుడు ఎక్కాలి కాబట్టి అమ్మగారిని పైనే ఉంచండి. పొద్దున మెట్లెక్కిన రోజే మళ్ళీ జాపాలి పెట్టుకుంటే పాప కాళ్ళు పీకుతాయి, కొండమీద గది దొరికితే మరునాడు పొద్దున వెళ్ళండి.

ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు కుడి ఎడమల కొండను చూడమని బాబుకు చెప్పండి. ఒకచోట కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ కనబడతాయి. ఆ రెంటికీ మధ్య గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ళ కాలం లోపించిందని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. బండి ఆపొద్దు, అక్కడ ఆపే చోటు కాదు.

మందులపెట్టె
కోనకు పోయొచ్చాక ఒక పని. డిసెంబరు, జనవరి మన జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ కాలం. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది. పిల్లలకు నిండు చేతుల చొక్కా, పాదాల దాకా ప్యాంటు, అంచులు మేజోళ్ళలోకి దూర్చాలి. గడ్డి మీద నేరుగా కూర్చోబెట్టకుండా దుప్పటి పరవండి. ఇంటికొచ్చాక ఆ బట్టలు వేడినీళ్ళలో వేసి, పిల్లలకు సబ్బుతో స్నానం చేయించి చంకలు, గజ్జలు, మోకాలి వెనక, చెవుల వెనక చూడండి.

కుట్టినప్పుడు నొప్పి, దురద తెలియవు. ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం మొదలవుతుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. అందరిలోనూ కనబడదు. ఆ గడువులో జ్వరం వస్తే డాక్టరుతో అడవికి వెళ్ళామని మీరే ముందు చెప్పండి. వాళ్ళు డెంగ్యూ, మలేరియా మాత్రమే చూసి వదిలేసే అవకాశం ఉంది. సకాలంలో పట్టుకుంటే మామూలు మందుకే తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, కిడ్నీలకు ఎక్కుతుంది.

పాము కరిస్తే కాటు పైన బిగించి కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదలకుండా కర్రతో కట్టి, బిడ్డను నడిపించకుండా మోసుకుని 108కి ఫోను చేయండి. తలకోనలో సిగ్నల్ లేకపోతే గేటు దగ్గర సిబ్బందికి చెప్పి మీ కారులోనే బయల్దేరాలి.

పాకాల_ప్యాసింజర్
మంగళవారం శ్రీవారి మెట్టు, బుధవారం కైలాసకోన. అమ్మ రెండు చోట్లకూ వస్తుంది కాబట్టి తలకోన మళ్ళీ చూస్తాం. శ్రీవారి మెట్టులో పాప సగంలో ఆగిపోతే ఏం చేయాలి?

శేషాచలం_బాట
మొదటి 300 మెట్లే కొలత. అక్కడికి చేరేసరికి మాట్లాడుతూ నడుస్తుంటే పైదాకా వస్తుంది. మాట ఆగిపోయి, ముఖం పాలిపోయి, ప్రతి పది మెట్లకూ కూర్చుంటుంటే అక్కడే కిందికి దిగిపోండి, 300 మెట్లు దిగడం పెద్ద పని కాదు. సగం దాటాక దిగడం కంటే ఆగి ఆగి ఎక్కడమే నయం. యాభై మెట్లకు ఒకసారి రెండు నిమిషాలు నిలబడండి, కూర్చోబెట్టకండి, కూర్చుంటే కండరాలు బిగుస్తాయి. ఇంతకీ శ్రీవారి మెట్టుకు తీసుకెళ్ళే బండివాణ్ణి అరగంట అక్కడే ఉండమని ముందే మాట్లాడుకోండి. దిగిరావాల్సి వస్తే పొద్దున ఆరున్నరకు అక్కడ వేరే ఆటో దొరకడం కష్టం.